28 మిల్లీమీటర్ల సైన్యానికి ముందుగా జెండా

చిన్న సైనికుల బొమ్మలను తయారు చేసి రంగులు వేసే వ్యాపకం ఉన్నవారిలో చాలామంది సైనికుడితో మొదలుపెట్టి జెండాతో ముగిస్తారు. బొమ్మలన్నీ అతికించి, రంగులు పూర్తి చేసి, చివరకు ముద్రించిన కాగితం ముక్కను ఒక తీగకు చుట్టి నిలబెడితే దళం సిద్ధమైనట్టే. నెపోలియన్ కాలపు సైన్యాలకు ఈ వరుస సరిపోవచ్చు. అక్కడ ప్రతి రెజిమెంటుకూ నిర్ణయమైన యూనిఫాం ఉంది కాబట్టి జెండా వచ్చినా రాకపోయినా కోటు రంగు మారదు. ఇంగ్లండును ఏలిన ట్యూడర్ వంశపు కాలానికి, అందులోనూ ఎనిమిదో హెన్రీ పాలన తొలి సంవత్సరాలకు, ఈ వరుసను తలకిందులు చేయాలని నా అభిప్రాయం. జెండా ముందు పూర్తి కావాలి. దాని కింద నిలబడే మనిషి ఏ రంగు కోటు వేసుకోవాలో అదే చెబుతుంది.

దీనికి కారణం ఆ సైన్యం సమకూరిన తీరులోనే ఉంది. 1485 ఆగస్టు 22న బాస్‌వర్త్ పోరులో మూడో రిచర్డ్‌ను ఓడించి ఏడో హెన్రీ సింహాసనం ఎక్కిన నాటి నుంచి 1603లో మొదటి ఎలిజబెత్ మరణించే దాకా, ఇంగ్లండు రాజులకు పెద్ద స్థిర సైన్యం లేదు. 1485లోనే ఏర్పడిన యోమెన్ ఆఫ్ ది గార్డ్ అనే అంగరక్షక దళం, కొన్ని కోటల్లోని కాపలాదారులు తప్ప తక్కిన బలమంతా యుద్ధం వచ్చినప్పుడు పోగు చేసుకోవలసిందే. రాజు నుంచి ప్రభువులకు, పెద్ద భూస్వాములకు ఉత్తరాలు వెళ్ళేవి. వారు తమ కౌలుదార్లను, సేవకులను ఆయుధాలతో తీసుకువచ్చేవారు. ఆ మనుషులు వేసుకునే కోటు సాధారణంగా ఆ ప్రభువు ఇంటి రంగుల్లో ఉండేది. దాన్నే లివరీ అంటారు. రాజు ఇంటి లివరీ తెలుపు, ఆకుపచ్చ. స్టాన్లీ అనే ప్రభువుల వంశం వారి లివరీ పసుపు ఛాయ కలిసిన గోధుమ రంగు, ఆకుపచ్చ. ప్రభువు వెంట నడిచే పొడవాటి జెండా నేల, అంటే గుర్తుల వెనక ఉండే రంగు, కూడా ఆ రంగుల్లోనే ఉంటుంది. అందువల్ల జెండాకు రంగులు కలుపుకున్నప్పుడే కోట్లకూ కలుపుకున్నట్టవుతుంది. మహాభారతంలో భీష్ముణ్ణి తాళధ్వజంతోనూ అర్జునుణ్ణి కపిధ్వజంతోనూ గుర్తుపట్టే సంప్రదాయం ఎరిగిన మనకు ఈ పద్ధతిని వేరుగా వివరించనక్కరలేదు.

అయితే జెండా అనగానే అన్నీ ఒకటే అనుకోకూడదు. ఆనాటి ఇంగ్లండులో బానర్, స్టాండర్డ్, గైడన్ అని వేర్వేరు రకాలు ఉండేవి. బానర్ దాదాపు చతురస్రం. దాని నిండా యజమాని వంశచిహ్నం తప్ప మరేదీ ఉండదు. రాజు బానర్ నాలుగు గడులుగా ఉండి, నీలం మీద మూడేసి బంగారు ఫ్లర్-డి-లీ పువ్వులు రెండు గడుల్లోనూ, ఎరుపు మీద మూడేసి బంగారు సింహాలు మిగిలిన రెండింటిలోనూ ఉంటాయి. స్టాండర్డ్ అంటే పొడవుగా సాగి చివరికి సన్నబడి, కొసలో రెండుగా చీలిన జెండా. కర్ర పక్కన తెలుపు మీద ఎర్రని సెయింట్ జార్జ్ శిలువ ఉంటుంది. ఆ తరువాత లివరీ రంగుల నేల. ఆ నేల మీద జంతువు, చిన్న చిన్న బ్యాడ్జీలు, వాటి మధ్య ఏటవాలుగా పోయే పట్టీల మీద ప్రభువు నినాదం. చుట్టూ లివరీ రంగుల అంచు కుచ్చు. గైడన్ దానికంటే పొట్టిది. సైనికులు నిజంగా చూసి నడిచింది ఎక్కువగా స్టాండర్డ్‌నే. వంశచిహ్నంలోని గడుల లెక్క సాధారణ రైతుకు తెలియకపోవచ్చు గాని, తన ప్రభువు బ్యాడ్జీ గద్ద కాలో సింహమో తెలియకుండా ఉండదు.

ఈ స్టాండర్డ్ పొడవుకు హోదాను బట్టి కొలతలు రాసిన ట్యూడర్ కాలపు పత్రం ఒకటి మిగిలి ఉంది. యుద్ధంలో మోసే రాజు స్టాండర్డ్ 8 లేక 9 గజాలు, డ్యూక్‌ది 7, ఎర్ల్‌ది 6, బారన్‌ది 5, నైట్‌ది 4 గజాలు. 28 మిల్లీమీటర్ల ఎత్తున్న బొమ్మలను 56వ వంతు నిష్పత్తిగా లెక్కిస్తే ఒక గజం సుమారు 16 మిల్లీమీటర్లు అవుతుంది. అంటే నైట్ జెండా 65, డ్యూక్ జెండా 114 మిల్లీమీటర్లు ఉండాలి. బొమ్మ ఎత్తుకు నాలుగింతల పొడవున్న జెండాను చూసి మొదట ఎవరైనా కొలత తప్పిందనుకుంటారు. దుకాణాల్లో దొరికే ముద్రిత జెండాలు ఎక్కువగా ఇందులో సగమే ఉంటాయి. ఈ బొమ్మలతో బల్ల మీద యుద్ధపు ఆట ఆడేటప్పుడు పక్క బొమ్మల ఆయుధాలకు తగులుకోకూడదన్నది వారి ఉద్దేశం కావచ్చు. నేను మాత్రం పూర్తి పొడవే ఉంచుతాను. ఆ నిడివే లేకపోతే ట్యూడర్ స్టాండర్డ్ మామూలు జెండాగా మిగిలిపోతుంది. తగులుకునే ఇబ్బందికి మార్గం ఉంది: జెండా మోసేవాణ్ణి దళానికి ఒక మూలగా, గాలి వీచే దిక్కున ఖాళీ ఉండేలా నిలబెట్టాలి. సైన్యంలోని జెండాలన్నీ ఒకే దిక్కుకు ఎగరాలన్నది ఎలాగూ పాటించవలసిన నియమమే. ఒకటి తూర్పుకూ మరొకటి పడమరకూ ఎగిరే బల్లలను చూస్తే, రంగులు ఎంత చక్కగా వేసినా, నాకు కన్ను నిలవదు.

నేను ప్రస్తుతం చేస్తున్నది 1513 సెప్టెంబరు 9న జరిగిన ఫ్లాడెన్ యుద్ధపు ఇంగ్లీషు సైన్యం. ఎనిమిదో హెన్రీ ఫ్రాన్సులో తెరువాన్, టూర్నే పట్టణాల మీద దండయాత్రలో ఉండగా, ఫ్రాన్సుకు మిత్రుడైన స్కాట్లండ్ రాజు నాలుగో జేమ్స్ ఉత్తర సరిహద్దు దాటి వచ్చాడు. అతన్ని ఎదుర్కొన్నవాడు డెబ్బై ఏళ్ళ సర్రే ఎర్ల్ థామస్ హోవర్డ్. దేశంలోని మంచి దళాలు రాజు వెంట వెళ్ళిపోయాయి కాబట్టి సర్రే ఉత్తరాది జిల్లాల మనుషులతో సైన్యం కూర్చుకోవలసి వచ్చింది. జెండాల మీద మనసున్న వారికి ఇంతకంటే మంచి యుద్ధం దొరకదు. ఎందుకంటే ఆ రోజు ఒక జెండా లేకపోవడం వల్ల సైన్యపు ఒక రెక్కే, అంటే ఒక పక్క దళమే, విరిగిపోయిందని సమకాలికులు నమ్మారు.

ఆ సంగతి ఇదీ. చెషైర్, లాంకషైర్ మనుషులు తరతరాలుగా స్టాన్లీ వంశం వారి గద్ద కాలి గుర్తు కింద పోరాడినవారు. ఫ్లాడెన్‌లో వారిలో చాలామందిని సర్రే తన చిన్న కొడుకు ఎడ్మండ్ హోవర్డ్ కింద కుడి రెక్కలో నిలిపాడు. తమది కాని జెండా కింద, తమవాడు కాని నాయకుడి వెంట నిలబడవలసి వచ్చిందని వారు గొణుక్కున్నారు. హోమ్, హంట్లీ ప్రభువుల స్కాటిష్ దళం వచ్చి తాకగానే ఆ రెక్క చెదిరిపోయింది. ఎడ్మండ్ జెండా మోసినవాణ్ణి అక్కడే నరికివేశారు. ఎడ్మండ్ కూడా పలుమార్లు నేల కరిచాక, డేకర్ ప్రభువు సరిహద్దు గుర్రపు దళం వచ్చి ఆదుకున్నందువల్ల బతికి బయటపడ్డాడు. అదే రోజు రెండో కొసన ఎడ్వర్డ్ స్టాన్లీ తన మనుషులతో ఆలస్యంగా వచ్చి, కొండ పక్కగా ఎక్కి, ఆర్గైల్, లెనాక్స్ ఎర్ల్‌ల హైలాండర్లను చెల్లాచెదురు చేశాడు. మరుసటి ఏడు రాజు అతనికి ఇచ్చిన బిరుదు మోంటీగిల్ ప్రభువు. గద్ద పేరు అందులోనే చేరింది. నా దళాల్లో మొదట పూర్తయింది ఈ ఎడ్వర్డ్ స్టాన్లీదే. ఎడ్మండ్ రెక్కను చేసేటప్పుడు జెండా ఒక ఇంటిది, కొందరి కోట్లు ఇంకో ఇంటివి అన్నట్టుగా కావాలనే కలిపాను. చూసేవారికి అది పొరపాటులా కనిపిస్తే అడుగుతారు. అడిగితే పై కథ చెప్పవచ్చు.

జెండాను కాగితం మీద చేతితో గీయడమే నా పద్ధతి. పలుచని, నార ఎక్కువగా ఉన్న కాగితాన్ని జెండాకు రెండింతల పొడవున కత్తిరించి, మధ్యలో కర్రకు చుట్టుకునే భాగం వదిలి, రెండు ముఖాలనూ పక్కపక్కనే పెన్సిలుతో గీస్తాను. ఇక్కడే కొత్తవారు తికమకపడే సంగతి ఒకటి ఉంది. జెండా మీది జంతువు ఎప్పుడూ కర్ర వైపే చూడాలి. ఒక ముఖం మీద డ్రాగన్ ఎడమకు చూస్తే, వెనక ముఖం మీద అది కుడికి చూడాలి. లేకపోతే శత్రువుకు వెన్ను చూపి పారిపోతున్నట్టు ఉంటుంది. కంప్యూటర్‌లో బొమ్మను తిరగేస్తే ఈ పని నిమిషంలో అయిపోతుంది గాని, దానితో పాటు రాజు నినాదమైన ‘డ్యూ ఎ మోన్ డ్రువా’ అక్షరాలు కూడా తిరగబడతాయి. జంతువు తిరగాలి, రాత తిరగకూడదు. ముద్రిత జెండాలలో నాకు తరచుగా కనిపించే లోపం ఇదే. చేతితో గీసేవారికి ఈ బెడద లేదు.

రంగుల విషయంలో నాకొక పట్టుదల ఉంది: జెండా మీద లోహపు మెరుపున్న బంగారు రంగు వాడను. నిజమైన పట్టు జెండాల మీద బంగారు రేకు అద్దేవారన్నది నిజమే. కానీ ఆరు మిల్లీమీటర్ల గద్ద కాలి మీద ఆ మెరుపు పడితే గోళ్ళ గీతలు కంటికి ఆనవు. పసుపు మట్టి రంగుతో మొదలుపెట్టి, పై అంచుల్లో నిమ్మపండు పసుపు, చివరి చుక్కగా దంతపు తెలుపు పెడితే రెండడుగుల దూరం నుంచి అది బంగారంలానే కనిపిస్తుంది. వంశచిహ్నాల శాస్త్రంలో బంగారు, వెండి వర్ణాలను ఒకదాని మీద ఒకటి వేయరాదనీ, ఎరుపు, నీలం వంటి రంగులనూ ఒకదాని మీద ఒకటి వేయరాదనీ ఉన్న నియమం ఇక్కడ చిత్రకారుడికి ఎంతో సాయం చేస్తుంది. దూరం నుంచి గుర్తుపట్టడానికి పెట్టుకున్న నియమం కాబట్టి, చిన్న పరిమాణంలోనూ అది అంత బాగానే పనిచేస్తుంది.

రంగు ఆరాక రెండు ముఖాలనూ తెల్ల జిగురుతో అతికించి, జిగురు తడిగా ఉండగానే కుంచె కాడల మీదుగా మడతలు తిప్పాలి. స్టాండర్డ్ పొడవైనది కాబట్టి మడతలు కర్ర దగ్గర పెద్దవిగా, కొస దగ్గర చిన్నవిగా రావాలి. అన్నీ ఒకే వెడల్పున వస్తే ముడతల రేకులా ఉంటుంది. మడతలు గట్టిపడిన తరువాత లోతుల్లో ముదురు ఛాయ, ఎత్తుల్లో లేత ఛాయ మళ్ళీ వేయవలసిందే. కాగితం అంచున కనిపించే తెల్లని గీతను కూడా ఆయా రంగులతో మూసివేయాలి. చిన్న పనే గాని, అది చేయని జెండా కత్తిరించిన కాగితంలా ఎప్పటికీ పట్టుబడుతూనే ఉంటుంది.

ఇక మనుషులు. 1513 నాటి ఇంగ్లీషు సైనికుడికి సరిగ్గా సరిపోయే ప్లాస్టిక్ పెట్టె సులువుగా దొరకదు గాని, బొమ్మలు తయారు చేసే పెర్రీ మినియేచర్స్ వారి వార్స్ ఆఫ్ ది రోజెస్ (ట్యూడర్లకు ముందటి ఇంగ్లండు అంతర్యుద్ధాలు) పదాతి దళం మంచి ఆధారం. ఆ బొమ్మలు అంతకు కొంత ముందు కాలానివి; ఉత్తరాది జిల్లాల మనుషులు తాతల నాటి శిరస్త్రాణాలు, లోపల దూది కుక్కి కుట్టిన జాక్ అనే చొక్కాలు వేసుకుని వచ్చి ఉంటారు కాబట్టి వాటిలో సగాన్ని అలాగే వాడుకోవచ్చు. మిగిలినవారికి మోకాళ్ళ దాకా మడతలతో దిగే కోటు అంచు, కొంచెం ఉబ్బిన చేతులు, చదునైన టోపీ కావాలి. వీటిని గ్రీన్ స్టఫ్ అనే రెండు రంగుల ఎపాక్సీ ముద్దతో చేస్తాను. పసుపు, నీలం ముద్దలను సమానంగా పిసికి, పూర్తిగా ఆకుపచ్చగా మారాక అరగంట ఆగితే అతుక్కునే గుణం తగ్గి పనిముట్టుకు లొంగుతుంది. పలుచగా వత్తిన పట్టీని నడుము చుట్టూ చుట్టి, తడి చేసిన పనిముట్టు అంచుతో పై నుంచి కిందికి నొక్కుకుంటూ పోతే కోటు మడతలు వస్తాయి. కొండపల్లిలో తెల్ల పొణికి చెక్క బొమ్మకు చేతులు, తలపాగా, నగలు చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అమర్చే పని చూసినవారికి ఈ వరుస కొత్తగా ఉండదు: గట్టి మొండెం ఒకటి, దాని మీద మెత్తని ముద్దతో కట్టే వివరం ఒకటి. ముద్ద గట్టిపడటానికి రాత్రంతా వదిలేయాలి. ఇంట్లో వీడియో కాల్‌లో ఇవి చూసిన మా పెద్దమ్మ, “ఏంట్రా నాయనా, గోరంత బొమ్మలకు కూడా లంగాలు కుడుతున్నావా?” అని అడిగింది. కోటు కింది భాగం మడతలు చూస్తే అలాగే అనిపిస్తుంది, నిజమే.

కోట్లకు రంగు వేసేటప్పుడు ఆనాటి అద్దకాన్ని గుర్తు పెట్టుకోవాలి. నీలం వోడ్ ఆకు నుంచి, ఎరుపు మంజిష్ఠ జాతి వేరు నుంచి, ఆకుపచ్చ అంటే వోడ్ నీలం మీద వెల్డ్ అనే మొక్క పసుపు వేసి వచ్చినది. కాబట్టి సాధారణ సైనికుడి కోటు మీద కళ్ళు చెదిరే ఎరుపు, చిలకపచ్చ పనికిరావు. తెలుపు కోటు మరీ జాగ్రత్తగా చేయవలసినది. అది అద్దకం వేయని ఉన్ని. లేత గోధుమతో మొదలుపెట్టి, దంతపు రంగుతో పైకి వచ్చి, శుద్ధమైన తెలుపును భుజాల మీద, మడతల అంచుల మీద మాత్రమే ఉంచితే ఉన్నిలా ఉంటుంది. ఛాతీ మీద ఎర్రని సెయింట్ జార్జ్ శిలువ ప్రతి సైనికుడికీ ఉండాలని యుద్ధ శాసనాలు కోరేవి. దాన్ని కోటుకు కుట్టిన గుడ్డ పట్టీలా, మడతల వెంట వంగేలా గీయాలి.

మాంచెస్టర్‌కు ఉత్తరాన ఉన్న మిడిల్టన్ ఊరి సెయింట్ లెనర్డ్ చర్చిలో ‘ఫ్లాడెన్ కిటికీ’ అని పిలిచే రంగుటద్దాల కిటికీ ఉంది. నీలం కోట్లు వేసుకున్న విలుకాళ్ళు వరుసగా మోకరిల్లి, భుజాన విల్లుతో ప్రార్థన చేస్తుంటారు; ప్రతి విల్లు మీదుగా ఆ మనిషి పేరు రాసి ఉంటుంది. ఆ కిటికీ ఏ సంవత్సరానిదన్న చర్చ ఎలా ఉన్నా, సామాన్య విలుకాళ్ళను వారి పేర్లతో సహా చూపే ఆ కాలపు బొమ్మలు బహు అరుదు. నేను నీలం కలిపేటప్పుడు ముందు పెట్టుకునేది ఆ అద్దాల ఫొటోనే. విల్లు పొడవుకు ఆధారం 1545లో మునిగి 1982లో పైకి తెచ్చిన, ఎనిమిదో హెన్రీ యుద్ధనౌక మేరీ రోజ్. అందులో చెక్కుచెదరని విండ్లు 137, బాణాలు 3500కు పైగా దొరికాయి. ఆ విండ్లు మనిషి కంటే పొడవైనవి. కాబట్టి బొమ్మ విల్లు దాని తలకంటే పొట్టిగా ఉంటే మార్చేయవలసిందే.

అయితే ఫ్లాడెన్‌ను తేల్చింది విల్లు కాదు, బిల్. కంచె పొదలు నరికే కొడవలిని పొడవైన కర్రకు బిగించి, ముందుకు మొన, వెనక ముల్లు చేర్చిన ఆయుధం అది. ఎనిమిది అడుగుల లెక్కన బొమ్మ చేతిలో సుమారు 43 మిల్లీమీటర్లు వస్తుంది. స్కాట్‌ల పైక్ అనే పొడవాటి ఈటె పద్దెనిమిది అడుగులు, అంటే 98 మిల్లీమీటర్లు. దీనికి ప్లాస్టిక్ నిలవదు, ఉక్కు తీగ వాడాలి. బ్రాంక్స్‌టన్ కొండ వాలు దిగి అడుగున ఉన్న బురద పల్లంలో పైక్ వరుసలు చెదిరాక, ఆ పొడుగాటి కర్రలు దగ్గరి పోరులో అక్కరకు రాలేదు, బిల్‌లదే పైచేయి అయింది. తడి వాలు మీద జారకుండా స్కాట్‌లు బూట్లు విప్పి మేజోళ్ళతో పోరాడారని సమకాలికులు రాశారు. ఇది నాకెంతో నచ్చిన వివరం. నా స్కాటిష్ బొమ్మలన్నింటికీ బూట్లు చెక్కివేసి, పాదాల మీద బురద గోధుమ రంగును పాతిక భాగం మెరుపు వార్నిష్‌తో కలిపి పూశాను.

జేమ్స్ రాజు ఆ పల్లంలోనే చనిపోయాడు. ఎనిమిదో హెన్రీ ఫ్రాన్సులో ఉండగా రాజ్యభారం మోస్తున్న కేథరిన్ ఆఫ్ ఆరగాన్ వారం తిరిగేసరికి భర్తకు ఉత్తరం రాసి, జేమ్స్ కోటును పంపించింది. దానితో జెండాలు చేయించుకోమన్నది. అసలైతే ఆ శవాన్నే పంపాలనుకున్నానని, మన ఇంగ్లీషువారి మనసులు దానికి ఒప్పుకోలేదని కూడా ఆ ఉత్తరంలో ఉంది. ఓడిపోయిన రాజు కోటు గెలిచిన రాజు చేతిలో జెండా గుడ్డ కావడం అనే ఆలోచన ఆ కాలం మనుషుల తలలో జెండాకు ఉన్న స్థానం ఎంతటిదో చెప్పకనే చెబుతుంది. దీన్ని బల్ల మీద చూపే దారి మాత్రం నాకు తోచలేదు. ఒక చిన్న దృశ్యంగా, బండి మీద మడిచి పెట్టిన ఎర్రని సింహపు కోటుగా చేయవచ్చునేమో.

ఇప్పుడు బల్ల మీద ఉన్నది సర్రే సైన్యం వెంట ఉత్తర ఇంగ్లండులోని డరమ్ నుంచి వచ్చిన సెయింట్ కత్‌బర్ట్ జెండా. ఇది ఏ ప్రభువుదీ కాదు, ఒక మఠానిది. తరువాతి కాలంలో డరమ్ చర్చి పెద్ద (డీన్) భార్య దాన్ని కాల్చివేసింది గాని, చూసినవారి వర్ణన మిగిలి ఉంది. ఎర్రని మఖమలు, దాని మీద బంగారు దారంతోనూ ఆకుపచ్చ పట్టుతోనూ కుట్టిన పువ్వులు, మధ్యలో అర గజం చదరపు తెల్లని మఖమలు, ఆ తెలుపు మీద ఎర్ర శిలువ. గజం వెడల్పు, గజంపావు పొడవు. బొమ్మకు 16, 20 మిల్లీమీటర్లు. తక్కినవాటిలా ఇది గాలికి ఎగరదు, అడ్డ కర్ర నుంచి నిలువుగా వేలాడుతుంది. అందువల్ల దీనికి కాగితం వద్దనుకుని టమాటా గుజ్జు వచ్చే ట్యూబును చీల్చి, లోపలి మెత్తని లోహపు రేకును వాడుతున్నాను. మఖమలు బరువుకు కింద పడే చిన్న మడత దానికే బాగా వస్తుంది. మఖమలుకు మెరుపు ఉండదు కాబట్టి పూర్తిగా మెరుపులేని వార్నిష్ వేయాలి. కింది అంచు ఐదు భాగాలుగా చీలి ఉంటుంది. దానికి వేలాడే వెండి గంటలకు గ్రీన్ స్టఫ్ చుక్కలు చుట్టి సిద్ధం చేసుకున్నాను. ఈ ఒక్క జెండా మీద మాత్రం, నా పట్టుదల పక్కన పెట్టి, ఆ గంటలకు నిజమైన వెండి మెరుపు రంగే వేస్తాను.